మూడో తెప్ప మీద మా అన్నయ్య

మా అన్నయ్య ఇరవై ఆరేళ్లుగా కాలేజీల పడవ పోటీలకు వెళ్తున్నాడు. ఇంతవరకు ఒక్క పోటీలో కూడా ఎవరు గెలిచారో కళ్లారా చూడలేదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. నేను పనిచేసే ఆసుపత్రిలో పళ్ల డాక్టరైతే నోరు తెరుచుకుని పడుకున్న మనిషిని అలాగే వదిలేసి, "అదెలా కుదురుతుందమ్మా?" అని నా బల్ల దగ్గరికే వచ్చేశాడు. ఎలా కుదురుతుందో చెబుతాను.

మా సరస్సు సన్నగా, పొడుగ్గా రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఏటా ఒక ఆదివారం పోటీలు పెడతారు. జనమంతా ఆ చివర, గెలుపు గీత దగ్గర చేరతారు. మెట్లు, గొడుగులు, మైకు, ఐస్‌క్రీము బండి, అరుపులు, అన్నీ అక్కడే. ఈ చివర, బయలుదేరే చోట, నీళ్లలో ఆరు చెక్క తెప్పలు కట్టేసి ఉంటాయి. తెప్పకొక మనిషి బోర్లా పడుకుని, రెండు చేతులూ ముందుకు చాపి, తన లైనులోకి వచ్చిన పడవ తోకను పట్టుకుంటాడు. పోటీ పడవ ఎంత తేలికంటే, ఎవరూ పట్టుకోకపోతే చిన్న గాలికే పక్కకు తిరిగిపోతుంది. ఆరు పడవల ముక్కులూ ఒకే వరసకు వచ్చేదాకా కాస్త తోసి, కాస్త లాగి, కదలకుండా నిలబెట్టాలి. వెనక చెక్క మంచె మీద నుంచి జెండా ఆయన ఎత్తిన జెండా దించుతూ "వెళ్లండి" అనగానే వదిలెయ్యాలి. పనంతా అంతే. జీతం లేదు. రొట్టె, టీ ఇస్తారు. ఈ మధ్య ఒక టోపీ కూడా ఇస్తున్నారు, దాన్ని చూసి మావాడు మురిసిపోతుంటాడు.

అన్నయ్యది మూడో తెప్ప. పడవ నడిపేవాళ్లు వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. కాబట్టి ఒక్కరే నడిపే ఒంటరి పడవలో ఉన్న పిల్లకు ఎదురుగా కనిపించేది తోక పట్టుకున్న మనిషి మొహమే. ఆ పిల్ల దూరమవుతూ, చిన్నదవుతూ, చివరికి నీళ్ల మీద మెరుపులో కలిసిపోయేదాకా అన్నయ్య చూస్తాడు. ఈలోగా మరో పడవ వచ్చేస్తుంది. గెలుపు సంగతి అతనికి తెలిసేది మైకులో, అదీ గాలి ఇటు ఉంటేనే. కాలేజీ పిల్లలు అతన్ని తోక మావయ్య అంటారు. "సిగ్గు లేకపోతే సరి, ఏం పేరది!" అని నేను చిరాకు పడతాను. "పిలిచేవాళ్లకి లేని బాధ నీకెందుకే?" అంటాడు.

మిగతా ఏడాదంతా కిటికీలకు అద్దాలు బిగిస్తాడు. కింద అతని కొట్టు, పైన మేము. కొట్లో గోడ పొడుగునా గుడ్డ చుట్టిన చెక్కల మధ్య అద్దాలు నిలబెట్టి ఉంటాయి. పొద్దున ఎండ వాటిలో పడి, మా మేడమెట్ల మీద ఆకుపచ్చగా, నీళ్లు కదిలినట్టు కదులుతుంది. నా కూతురు చిన్నప్పుడు ఆ వెలుగులో కూర్చుని చదువుకునేది. మా ఆయన రైళ్లలో పని, ఇంట్లో ఉండేది తక్కువ. అందుకని పిల్లను బడికి దింపడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, బూట్లు కొనడం అన్నీ అన్నయ్యే చూశాడు. తను పెళ్లి చేసుకోలేదు. ఒకసారి సంబంధం మాట్లాడి రమ్మని పంపిస్తే, వాళ్ల వంటింటి కిటికీకి పగిలిన అద్దం చూసి, కొలత తీసుకుని, మర్నాడు వెళ్లి బిగించి వచ్చాడు. అసలు సంగతి మాత్రం మాట్లాడలేదు. ఆ అద్దం ఇప్పటికీ చెక్కు చెదరలేదట.

పిల్ల పొడుగ్గా పెరిగింది, తలుపు దాటేటప్పుడు తల వంచేంత పొడుగు. మావయ్యకు ఆమె పొడుగమ్మ. కాలేజీలో చేరిన వారానికే ఆ భుజాలు చూసి పడవల మేష్టారు పట్టేసుకున్నాడు. ఒంటరి పడవ ఇచ్చారు. దాని బలానికి లోటు లేదు, ఊపిరికి లోటు లేదు. ఒక్కటే జబ్బు. జెండా పడగానే బిగుసుకుపోతుంది. "చేతులు గడ్డ కట్టేస్తాయమ్మా" అంటుంది. మిగతావాళ్లు ఒక తెడ్డు వేశాక దీనికి తెలివొస్తుంది. అక్కణ్నుంచి ఒక్కొక్కళ్లనే దాటుకుంటూ వెళ్లి, మొదటి పిల్లను అందుకునేలోపు గీత వచ్చేస్తుంది. మొదటేడు రెండో స్థానం. రెండో ఏడు రెండో స్థానం. మూడో ఏడూ అంతే.

నాకు చేతనైన వైద్యం నేను చేశాను. డాక్టరు గారి దగ్గర పేర్లు పిలిచే ఉద్యోగం కదా, నా గొంతుకు వీధి మొత్తం ఉలిక్కిపడుతుంది. అది పళ్లు తోముకుంటుంటే వెనకనుంచి వెళ్లి "వెళ్లండి!" అని అరిచేదాన్ని. బట్టలు మడతపెడుతుంటే అరిచేదాన్ని. ఒకరోజు అది టీ కప్పు వదిలేసింది, పక్కింటాయన మేడ దిగి వచ్చేశాడు. జబ్బు మాత్రం కుదరలేదు.

ఇప్పుడు తెప్పలవాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. తమ ఇంటి పిల్లల పడవ తాము పట్టుకోకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు. తన లైనులోకి తనవాళ్ల పడవ వస్తే, ఆ మనిషి టోపీ తీసి పైకెత్తుతాడు. పక్క తెప్ప మనిషి ఏమీ అడగడు, లేచి వస్తాడు. ఇద్దరూ తెప్పలు మార్చుకుంటారు. పడవ వెళ్లిపోయాక ఎవరి చోటుకు వాళ్లు వెళ్లిపోతారు. కిందటి మూడేళ్లలో మా పిల్ల రెండుసార్లు మూడో లైనులోకి వచ్చింది. రెండుసార్లూ అన్నయ్య టోపీ ఎత్తాడు.

ఈ ఏడు పోటీకి ముందు రోజు సాయంత్రం చీటీలు తీశారు. మళ్లీ మూడో లైనే. ఇంటికొచ్చి పిల్ల భోజనాల బల్ల దగ్గర కూర్చుంది గానీ కంచం ముట్టుకోలేదు.

"మావయ్యా, రేపు టోపీ ఎత్తకు" అంది.

అన్నయ్య చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. "ఎత్తాలి కదమ్మా. పద్ధతి."

"ఎదురుగా ఎవరో కొత్త మొహం ఉంటే నాకు చేతులు ఆడవు. నువ్వుంటే భయం వెయ్యదు. నాకిదే ఆఖరు పోటీ మావయ్యా. వచ్చే ఏడు కాలేజీలో ఉండను."

"నీకు మేలు చేశానంటారే."

నేను ఊరుకోవాలా? నా నోట్లో నువ్వుగింజ నానదు. "ఏం మేలు? అందరికీ వదిలినట్టే దీనికీ వదులుతావు. ఇరవై ఆరేళ్లలో నీ చేతిని ఎవడైనా తప్పుపట్టాడా? పిల్ల నోరు తెరిచి ఒక్కటడిగింది, దానికి ఇంత బేరమా?" అన్నాను. అన్నయ్య నావైపు చూశాడు, దానివైపు చూశాడు. తర్వాత తన అరచేతులు చూసుకున్నాడు. "సరే" అన్నాడు. అది వెంటనే కంచం దగ్గరికి లాక్కుని ఆకలిగొన్నట్టు తింది. అన్నయ్య ఆ రొట్టె ముక్క తినకుండానే లేచాడు.

పొద్దున్నే సరస్సు కనబడలేదు. మంచు అంతా నీళ్ల మీదే పడుకుని ఉంది. నేను ఎప్పుడూ ఈ చివరే, తెప్పలకు ఎదురుగా గట్టు మీదే కూర్చుంటాను. టీ ఫ్లాస్కు, ఉడికించిన గుడ్లు, ఒక దుప్పటి. గెలుపు గీత దగ్గరి గోల నాకు పడదు. ఇక్కడైతే నీళ్ల అంచు కాళ్లకు రెండడుగుల దూరంలో ఉంటుంది. గడ్డి తడి చెప్పుల్లోకి ఎక్కుతుంది. పడవలు కనబడకముందే వినబడతాయి. తెడ్లు ఒక్కసారిగా మునిగే చప్పుడు, వాటినుంచి చుక్కలు రాలే చప్పుడు, మళ్లీ నిశ్శబ్దం. ఎక్కడో మంచులో ఒక అమ్మాయి నవ్వితే చెవి పక్కన నవ్వినట్టుంటుంది. తర్వాత తెల్లదనం కాస్త పలచబడి, అందులోంచి ఒక వీపు వస్తుంది, మెల్లిగా, ఏ తొందరా లేకుండా.

అక్కడ కూర్చుంటే నాకు కాలం తెలియదు. ఒక పోటీ వెళ్లిపోతుంది, ఒకటి వస్తుంది. ఎదురుగా ఆరుగురు మనుషులు నీళ్లకు మొహం పెట్టి పడుకుని ఉంటారు, నిద్రపోయి ఒకే కల కంటున్నారేమో అనిపిస్తుంది. "మూడో పడవ, బెత్తెడు వెనక్కి" అని మంచె మీద నుంచి మాట వస్తుంది. అన్నయ్య చేతులు బెత్తెడు వెనక్కి వస్తాయి. ఇన్నేళ్లూ ఎన్ని మొహాలు అతని ఎదుట వణికాయో, ఎన్ని పెదవులు లోపల లోపల ఏదో అనుకున్నాయో. వాళ్లలో కొందరికి ఇప్పుడు తలలు నెరిసి ఉంటాయి. నాకు నా పెళ్లికి ముందు రోజులు గుర్తొచ్చాయి. ఎందుకొచ్చాయో తెలియదు. టీ చల్లారిపోయింది, నేను పోసుకున్న సంగతే మర్చిపోయాను.

పదకొండో పోటీ దానిది. మంచు చాలావరకు విడిపోయింది, నీళ్లు వెండి రంగులో ఉన్నాయి. దాని పడవ వెనక్కి వెనక్కి వచ్చి మూడో తెప్పను చేరింది. అన్నయ్య తోక అందుకున్నాడు. టోపీ ఎత్తలేదు. రెండో తెప్ప ఆయన తల తిప్పి ఒకసారి చూశాడు, తర్వాత తన పడవ వైపు తిరిగిపోయాడు. మావాళ్లిద్దరి మధ్య నాలుగు మీటర్ల సన్న పడవ. ఇది మావయ్యను చూస్తోంది, మావయ్య దీన్ని చూస్తున్నాడు.

జెండా ఆయన కాలేజీల పేర్లు ఒక్కొక్కటే పిలిచాడు. ఆ తర్వాత గాలి కూడా ఆగినట్టయింది. "సిద్ధం" అన్నాడు. ఎర్ర జెండా పైకి లేచింది.

"వెళ్లండి!"

చెబుతున్నాను, నా కళ్లతో చూశాను. ఆరుగురిలో ముందు పడ్డవి మా పిల్ల తెడ్లే. బిగుసుకుపోలేదు, రెప్పపాటు కూడా ఆలస్యం లేదు. రెండువైపులా నీళ్లు తెల్లగా చెదిరాయి. పడవ మాత్రం కదల్లేదు. అన్నయ్య వేళ్లు ఇంకా తోక మీదే ఉన్నాయి. ఆ లాగుడుకు అతనే తెప్ప అంచుదాకా జారాడు, ఛాతీ నీళ్లకు తగిలింది. అప్పుడు వదిలాడు. మిగతా ఐదు పడవలూ అప్పటికి సగం పడవ ముందున్నాయి.

అది వెళ్లిపోతోంది, మొహం మావైపే ఉంది. ఆ మొహంలో ఏడుపు లేదు, కోపం లేదు, ఏదో అర్థం కానట్టు చూస్తోంది. ఒక్కొక్క తెడ్డుకు చిన్నదైంది. మెరుపులో కలిసిపోయింది. చాలాసేపటికి ఆ చివరనుంచి జనం హోరు వినబడింది, తర్వాత మైకు. రెండో స్థానం. జానెడు తేడా అన్నాడు.

అన్నయ్య తడి చొక్కాతోనే తర్వాతి పడవ పట్టుకున్నాడు. ఆ తర్వాతిదీ పట్టుకున్నాడు. అన్నిటినీ సమయానికి వదిలాడు. మధ్యాహ్నం విరామానికి గట్టెక్కి, నా పక్కన కూర్చుని, నేనిచ్చిన కప్పు పట్టుకున్నాడు. తాగలేదు. నేను అడగలేదు. ఇంట్లో ఉప్పు ఎక్కువైతే మూడు రోజులు మాట్లాడే నేను, ఆ గంటలో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరూ గమనించలేదు కదా. మిగతా ఐదుగురు తమ పడవలు చూసుకున్నారు, జెండా ఆయన వరస చూసుకున్నాడు. నేను నోరు మూసుకుంటే అన్నయ్య ఇరవై ఆరేళ్ల మంచిపేరు అలాగే ఉంటుంది. టోపీ ఎత్తనివ్వకుండా చేసింది నేనే కదా అని కూడా లోపల కుడుతోంది.

పిల్ల రెండు కిలోమీటర్లూ గట్టు వెంబడి నడుచుకుంటూ వచ్చింది. పతకం పిడికిట్లో ఉంది. మా ఎదురుగా గడ్డిలో కూలబడింది.

"మళ్లీ ఆగిపోయానమ్మా."

నేను అన్నయ్య వైపు చూశాను. అతను కప్పులోకి చూస్తున్నాడు.

"ఈసారి లాగాననుకున్నా" అంది. "నిజంగా అనుకున్నా. తెడ్లు నీళ్లలో పడ్డట్టే అనిపించింది. కానీ పడవ అక్కడే ఉంది. అంటే నా చేతులు ఆడలేదు, ఆడాయని నేనే ఊహించుకున్నా. ఎదురుగా మావయ్య ఉన్నా ఆగిపోయానంటే ఇంక నాకు మందు లేదు." పతకాన్ని గడ్డిలో పెట్టింది. "వచ్చే నెల చిన్నపిల్లలకి పడవ నేర్పే పనికి వస్తానన్నాను కదా, రానని చెప్పేస్తాను. జెండా పడితే కొయ్యబారిపోయేదాన్ని, వాళ్లకేం నేర్పుతాను? నా చేతుల్ని నేనే నమ్మలేను."

దాని బాధ పతకం కోసం కాదు. తన ఒళ్లే తనకు అబద్ధం చెప్పిందని నమ్మేసింది. నేనేం చేశానో తెలుసా? గుడ్డు ఒలిచి చేతిలో పెట్టాను. "ముందు తిను" అన్నాను, సిగ్గులేకుండా. కన్నతల్లిని.

అన్నయ్య టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పొడుగమ్మా, నువ్వు ఆగలేదు. నేనే వదల్లేదు."

"అంటే?" అంది అది.

"పడవ వణుకుతోంది" అన్నాడు. అతని గొంతు నేనెప్పుడూ విననంత చిన్నగా ఉంది. "నీ వణుకంతా చెక్కలోంచి నా చేతుల్లోకి వస్తోంది. ఎన్ని వందల పడవలు పట్టుకున్నానో, అన్నీ వణుకుతాయి, నాకేం పట్టదు. ఇది పట్టింది. పాపం, ఇది తగ్గాక పంపిద్దామనుకున్నా. అనుకోవడానికి కూడా టైము లేదులే, చేతులే అలా పట్టుకున్నాయి. జెండా ఆయన మాట వినబడింది. వినబడినా పట్టుకునే ఉన్నానమ్మా. నువ్వు లాగుతుంటే కూడా." అరచేతులు చాపి చూపించాడు. రెండిటి మీదా తోలు లేచి, ఎర్రగా గీసుకుపోయి ఉంది.

"ఎందుకు మావయ్యా?" అని అరిచింది అది. "నా ఆఖరు పోటీ! నేను నిన్ను నమ్మి అడిగానే! ఎందుకలా చేశావు?" భుజం మీద రెండు దెబ్బలు వేసింది. అన్నయ్య అడ్డుకోలేదు. "తప్పే" అన్నాడు. "నిన్ను ఓడించింది నేనే. టోపీ ఎత్తాల్సింది." లేచి, టోపీ చేత్తో పట్టుకుని, మంచె వైపు నడిచాడు.

మేం కూర్చున్న చోటికి వాళ్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి. నీళ్ల పక్కన ఏ మాటా దాగదు. "ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదండీ, ఫలితాలు ఇచ్చేశాం. ఇప్పుడెందుకు?" అంటున్నాడు జెండా ఆయన. "ఫిర్యాదు నేనే చేస్తున్నానండీ. రాసుకోండి. మూడో తెప్పకి వేరే మనిషిని చూసుకోండి" అంటున్నాడు అన్నయ్య. ఆయన ఎంతసేపటికీ టోపీ అందుకోవడం లేదు. అన్నయ్య దాన్ని మంచె కమ్మీకి తగిలించాడు.

పిల్ల మోకాళ్లలో తల పెట్టుకుని ఉంది. కాసేపటికి తలెత్తింది.

"అమ్మా, నువ్విక్కడే ఉన్నావుగా. చూశావా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నీకు మావయ్య, నాకు అన్నయ్య కదే" అన్నాను. నాకు ఏడుపు వచ్చేసింది. "నోరు పెగల్లేదమ్మా. నిన్ను అలా చూస్తూ కూడా పెగల్లేదు. నన్ను తిట్టు."

అది తిట్టలేదు. కనుబొమలు ముడిచి, నీళ్ల వైపు చూస్తూ ఏదో లెక్క సరిచూసుకుంటోంది.

"అయితే నేను లాగానా?"

"లాగావు."

"జెండా పడగానేనా? మిగతావాళ్లు లాగాకనా?"

"అందరికంటే ముందు. ఆరుగురిలో ముందు పడ్డవి నీ తెడ్లే. నీళ్లు ఇంతెత్తున లేచాయి."

"మళ్లీ చెప్పు" అంది. చెప్పాను. "ఒట్టు?" అంది. "ఒట్టు" అన్నాను. దాని మొహం మెల్లగా మారిపోయింది. పొద్దున మంచు విడిపోయినట్టు విడిపోయింది. ఓడిపోయిన మనిషి అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. లేచింది. పతకం గడ్డిలోనే ఉంది, గుడ్డు ఎక్కడో పడిపోయింది. ఆ పొడుగు కాళ్లతో మంచె వైపు పరిగెత్తింది.

అన్నయ్య మంచె దిగుతున్నాడు. అది దూసుకురావడం చూసి, ఇంకా కొట్టడానికే అనుకున్నాడేమో, ఆఖరి మెట్టు మీద తలవంచుకుని నిలబడిపోయాడు.

"మావయ్యా! నేనే ముందు లాగానట! అందరికంటే ముందట! అమ్మ చూసింది!"

"నేను చూడలేదటే?" అన్నాడు అన్నయ్య. "ఎదురుగా ఉన్నది నేనేగా."